లాజరు గడప పాట

డప్పు కొట్టకూడదని మా వాడలో డప్పు కొట్టి చాటింది మా నాయనే.

పోలీస్ యాక్షన్ అయిన ఏడాది అది. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. సూర్యాపేట బయట రోడ్డు పక్కన క్యాంపు వెలిసింది. అడవిలో దాగిన కమ్యూనిస్టు దళాలకు ఊళ్లలోంచి డప్పు మీద కబుర్లు పోతున్నాయని క్యాంపు దొరకు అనుమానం. అందుకని డప్పు బంద్. పొద్దుగూకాక మనిషి బయట కనిపించడం బంద్. ఈ సంగతి జనానికి తెలియాలంటే దండోరా వెయ్యాలి. దండోరాకు డప్పు కావాలి. డప్పు పట్టినవాళ్లలో మా నాయన లాజరును మించినవాడు చుట్టుపక్కల లేడు. ఆయన్నే పిలిపించారు.

"ఇనుండ్రి! ఈ పొద్దు సంది డప్పు కొట్టినోనికి జైలేనహో!" అంటూ నాయన ప్రతి మూలమలుపులోనూ ఆగి, ఇదే ఆఖరుసారి కదా అని, పెండ్లి ఊరేగింపుకు కొట్టినంత ఊపుగా కొట్టాడు. పిల్లలం వెనకాల చిందులేసుకుంటూ తిరిగాం. దండోరా అయిపోగానే వెంట వచ్చిన జవాను ఆ డప్పును గుంజుకుని క్యాంపుకు పట్టుకుపోయాడు.

నాయన ఇంటికి వచ్చి గోడకు ఒరిగి కూలబడ్డాడు.

"ఏమైంది?" అన్నది మా అమ్మ లింగమ్మ.

"నా నోటితోని నా చేతులు నేనే ఇరగ్గొట్టుకున్న."

"సరేతియ్. క్రిస్మస్‌కు పాట సంగతేంది?"

మా ఇంట్లో ఆ చలికాలమంతా ఆ ఒక్క ప్రశ్నే తిరిగింది.

మా వాడలో క్రిస్మస్ ముందురోజు జనమంతా కలిసి గడప గడపకూ పోయి పాడేవారు. ఆ మాటకొస్తే అన్ని ఊళ్లలోనూ పాడతారు. మా దగ్గర మాత్రం ఒక కట్టుబాటు ఉండేది. ఇంటికో సొంత పాట. ఎవరి గడప ముందు వాళ్ల పాటే పాడాలి. గడపలో నిలబడి ఎత్తుకోవలసింది ఆ ఇంటి మనిషి. వచ్చినవాళ్లు పల్లవి అందుకోవాలి, అంతే. ఒకసారి చీకట్లో ఇల్లు పొరపాటు పడి ఒకరి గడపలో పక్కింటివాళ్ల పాట పాడితే, ఆ రెండిళ్లవాళ్లూ మళ్లీ ఒక బావిలో నీళ్లు తోడుకోవడానికి ఒక కాన్పూ ఒక చావూ పట్టింది.

ప్రతి పాటకూ చివర ఏడు చరణం అని ఒకటి ఉండేది. ఏడంటే అంకె కాదు, ఏడాది. ఆ ఏడాది ఆ ఇంట్లో ఏం జరిగిందో పశువుల కొట్టంలో పడుకున్న చంటి యేసుకు చెప్పుకునే చరణం. దాన్ని ఏటా కొత్తగా కట్టాలి. అందులో అబద్ధం చెప్పకూడదు. విన్నవాళ్లు కోపం తెచ్చుకోకూడదు. అందులో ఏదైనా చేస్తామని పాడితే చేసి తీరాలి. మా అమ్మ కాపురానికి వచ్చిన ఏడు వండిన మొదటి కూర సంగతి ఏడు చరణంలో ఎక్కింది. ఆమె ఇప్పటికీ కోపం తెచ్చుకోలేదు, కానీ మరిచిపోనూ లేదు.

మా పాట కట్టింది మా తాత యాకోబు. మా వాడలో అన్నిటికన్నా మంచి పాట అదేనని శత్రువులు కూడా ఒప్పుకునేవారు.

చలి పెడుతున్నాది చంటి పాపనికి
గొంగడి గప్పుండ్రి గొల్లలారా

అని మొదలయ్యేది. బెత్లెహేముకు వచ్చిన గొల్లలు మా సూర్యాపేట గొల్లల్లాగానే ఉండేవారు. మరియమ్మకు జొన్న గట్క, నంజుకు ఉల్లిగడ్డ. గాడిదకు ఎండుగడ్డి. యోసేపుకు చుట్ట. చుట్ట సంగతి తీసెయ్యమని మా చర్చి ఉపదేశి దేవసహాయం గారు ఎన్నోసార్లు అడిగాడు. "అంత దూరం నడిచొచ్చిన మనిషికి చుట్ట ఇయ్యకుంట ఏమిస్తవ్ సారూ?" అనేవాడు తాత.

ఆ తాత వానకాలంలో జ్వరంతో పోయాడు. పోయిన ఏడాది రజాకార్ల భయానికి అందరం తలా ఒక దిక్కు పరుగెత్తాం, పాటలే లేవు. వరసగా రెండు క్రిస్మస్‌లు గడపలో పలకని పాట ఆ ఇంటిది కాకుండా పోతుంది. నిండుగా పాడగలిగినవాడు ఎవడైతే వాడి ఇంటికి పోతుంది. అదీ కట్టుబాటే.

నాయనకు పల్లవి ఒక్కటే వచ్చు. అది కూడా మాటలే వచ్చు. డప్పు మీద ఆయన చేతులు ఎంత చక్కగా పలుకుతాయో గొంతు అంత మొండికేసేది. తాత బతికున్నన్నాళ్లూ "నువ్వు కొట్టు కొడకా, పాడకు" అని బతిమాలుకునేవాడు.

దండోరా వేసిన సాయంత్రమే యేసయ్య వచ్చాడు. మా వెనకింటి మనిషి. గొంతు బంగారం, ఇంటి పాట మాత్రం తుప్పు. యేసు పుట్టిన కాలంలో కైసరు చక్రవర్తి తీయించిన జనాభా లెక్కలప్పుడు ఏ ఊరివాళ్లు ఏ ఊరికి పోయి పేర్లు రాయించుకున్నారో వరసగా చెప్పే పాట అది. అది ముగిసేలోగా గారెలు చల్లారేవి, పిల్లలు నిద్రపోయేవాళ్లు. తన గొంతుకు తగిన పాట దేవుడు ముందింట్లో పెట్టాడని యేసయ్య బాధ.

"లాజరూ, పాట ఎవరు ఎత్తుకుంటున్నరు ఈసారి?"

"నేనే ఎత్తుకుంట."

"నువ్వా?" యేసయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "తమ్మీ, యేసుప్రభువు పుట్టిన దినం. ఆయన్ను ఎందుకు ఏడిపిస్తవ్?"

"నా గడప, నా ఇష్టం యేసన్నా."

"గడప నీదే. పాట నిండుగ రావాలె. మీ నాయన పాడంగ ఇన్నేండ్లు విన్నోన్ని, నాలుగు చరణాలు నాకు కంఠతా వచ్చు. నువ్వు మధ్యల ఆగినవనుకో, నేను అందుకుంట. మిర్యాలగూడల మా బామ్మర్దికాడ హార్మోనియం ఉన్నది. రేపే పోయి తెస్తున్న."

ఆయన పోయాక అమ్మ పొయ్యి ఊదుతూ, "ఇగ దిక్కు ఒక్కటే. కోదాడకు పో," అన్నది.

నాయన ముఖం ఆముదం తాగినట్టయింది. కోదాడలో మా మేనత్త బుచ్చమ్మ ఉంది. నాయనకు అక్క. యేసయ్య కాక పాట మొత్తం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. పెండ్లయి పోయిన మొదటి క్రిస్మస్‌కే ఆమె అత్తగారి గడపలో మా పాట పాడింది. "పుట్టింటికాడ చీర దీసుకపో, గిన్నె దీసుకపో, పాట దీసుకపోవుడేంది? దొంగతనం!" అని నాయన ఆరోజు నుంచి ఆమెతో మాట మానేశాడు. నేను అప్పటికి పుట్టలేదు. తాత మట్టి దగ్గర కూడా అక్కాతమ్ముళ్లిద్దరూ చెరొక దిక్కు తిరిగి ఏడ్చారు.

"నేను ఆమెతోని ఎట్ల మాట్లాడాలె?" అన్నాడు నాయన.

"నువ్వెందుకు మాట్లాడుతవ్? దీనమ్మను దీసుకపో. అది ఊరుకోమన్నా ఊరుకోదు."

అలా నేను రాయబారినయ్యాను.

గేమ్యా బండి ఎక్కాం. తండా మనిషి, నాయనకు దోస్తు. కోదాడలో మిరపకాయలు ఎక్కించుకు రావడానికి ఖాళీ బండితో పోతున్నాడు. మేము పేట దాటుతుంటే మిర్యాలగూడ దారిన యేసయ్య కర్ర భుజాన వేసుకుని పోతూ కనిపించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చూడనట్టు ముఖాలు తిప్పుకున్నారు.

"బండి తోలు గేమ్యా," అన్నాడు నాయన. "ఆడు మనకన్న ముందు రావొద్దు."

"ఇవి ఎడ్లు లాజరన్నా, మోటారు గాదు. అంత తొందరుంటే నువ్వు గూడ కాడికింద మెడ పెట్టు."

దారిలో గేమ్యా చుట్టాల తండాలో పడుకుని, మరునాడు కోదాడ చేరాం. అత్త వాకిట్లోనే ఉంది. నన్ను చూసి చేతిలో చాట పక్కన పడేసింది.

"ఓసి దీనా! ఎంత పొడుగయ్యావే! కాళ్లు కడుక్కో. మీ నాయన ఎందుకొచ్చాడట?"

నాయన నులకమంచం మీద కూర్చుని చూరు వంక చూస్తున్నాడు. "బిడ్డా, పాట కోసం వచ్చినమని మీ అత్తకు జెప్పు."

"అత్తా, పాట కోసం..."

"వినపడింది. ఏ పాటో అడుగు."

"ఏ పాట నాయనా?"

"దొంగతనంగ దెచ్చుకున్న పాట."

నేను గొంతు సవరించుకున్నాను. "మన పాట అత్తా."

"దొంగతనం అన్నాడుగా, అది మింగేశావేం? మీ నాయనకు చెప్పు. నేనేం నగ ఎత్తుకురాలేదు. నేను తెచ్చుకున్నందుకు మీ ఇంట్లో ఆ పాటకేమన్నా తరుగొచ్చిందా?"

"ఆంధ్రోల్ల పక్కపొంటి ఉండి మాటలు మంచిగనే నేర్చిందని జెప్పు."

"నా మాటకేం వచ్చింది? తనలాగా నోరు కట్టేసుకు కూర్చోలేదని చెప్పు."

వాళ్ల మధ్య దూరం మంచానికీ పొయ్యికీ ఉన్నంతే. కాసేపటికే నాకు అటూ ఇటూ తిరిగి మెడ పట్టేసింది. చివరకు అత్త మెత్తబడింది. నాయన చేసింది ఎట్లా ఉన్నా, తాత పాట ఆ యేసయ్య నోట్లో పడటం ఆమెకు కూడా ఇష్టం లేదు. "కూర్చోమను. నేను పాడతా, నా వెనకాల పాడమను," అంది.

అత్త గొంతెత్తింది. తాత మళ్లీ వచ్చి వాకిట్లో కూర్చున్నట్టయింది. అదే విరుపు, గొంగడి అన్నచోట అదే సాగదీత. నాయన కళ్లు ఒక్క క్షణం చూరు దిగాయి.

తర్వాత ఆయన ఎత్తుకున్నాడు. కట్టేసిన మేక లేచి నిలబడింది.

"మళ్లీ," అంది అత్త. మళ్లీ పాడాడు. పక్కింట్లో పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు.

"దీనా, మీ నాయనను ఇంక ఆపమను. మేక పాలు ఎగదన్నేట్టుంది."

పట్టుదల మనిషి నాయన. మధ్యాహ్నం దాకా ఆపలేదు. అత్త పాడటం, ఆయన దాన్ని విరగ్గొట్టడం, నేను పొయ్యి దగ్గర పప్పు రుబ్బుతూ వినడం. ఎప్పుడో నాకు తెలియకుండానే పొత్రం తిప్పుతూ పాట పైకి అన్నాను. గొంగడి, గట్క, గడ్డి, చుట్ట. నాలుగు చరణాలూ అయిపోయాక తల ఎత్తితే ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"ఇదిగో, దొరికింది పాట," అంది అత్త.

నాయన అడ్డంగా తల ఊపాడు. "ఆడపిల్లకు వద్దని జెప్పు. రేపు పెండ్లయితే అది గూడ ఎత్తుకపోతది. మల్ల గడప ఖాళీ."

"మరి ఎవరికి నేర్పాలో అడుగు. నీకు తమ్ముళ్లున్నారా? గేమ్యా ఎడ్లకు నేర్పమంటాడా?"

బయట నుంచి గేమ్యా కేక వేశాడు. "నా ఎడ్ల జోలికి రావొద్దు బుచ్చక్కా! వాటికి మా తండా పాటలే ఒంటికి పడతయ్!"

నాయన నులక తాడు గీరాడు. ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. పాటను నేను ఇంటిదాకా మోసుకురావాలి. ఇంటికి పోయాక క్రిస్మస్ లోపల ఆయన నా దగ్గర నేర్చుకుంటాడు. గడపలో ఆయనే పాడతాడు. నీళ్ల బిందె మోసినట్టన్నమాట. మొయ్యడం నేను, తాగడం ఆయన.

"ఏడు చరణం కూడా చెప్పు అత్తా," అన్నాను.

"అది నేను చెప్పేది కాదే. మీ గడప ఏడు మీకే తెలుస్తుంది."

"నీ గడపల నువ్వు ఏం పాడతవ్?"

అత్త పొయ్యిలో కట్టె ఎగదోసింది. "ఏముంది, ప్రతి ఏడూ ఒకటే. మా తమ్ముడు ఈ ఏడు కూడా మాట్లాడలేదు స్వామీ అని. ఇంకేం కబుర్లు లేవా మీ ఇంట్లో అని మీ మామ విసుక్కుంటాడు."

నాయన చూరులో ఎలుక ఏదో కనిపించినట్టు దీక్షగా పైకి చూశాడు. పోయేటప్పుడు కూడా పోయొస్తానని నాతోనే చెప్పించాడు.

తిరుగు ప్రయాణం మిరపకాయ బస్తాల మీద. పాట మరిచిపోతానేమోనని నేను ఆపకుండా పాడుతున్నాను. ఘాటుకు మధ్యలో దగ్గు, మళ్లీ పాట. గేమ్యా ఎడ్లు తాళానికి తల ఊపుతున్నాయి. సూర్యాపేట ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు. చెక్‌పోస్టు.

జవాను బండి ఆపాడు. ఈ పిల్ల ఏం పాడుతున్నదని హిందీలో అడిగాడు. అప్పట్లో పాటంటే పోలీసులకు తుపాకీ కన్నా భయం. పాటలు కట్టి జనాన్ని లేపుతున్నారని పాడేవాళ్లను పట్టుకుపోయిన రోజులు. నాయన చేతులు జోడించాడు.

"సాబ్, మా ఇంటి పాట. క్రిస్మస్ పాట. కోదాడకు పోయి నేర్చుకొని వస్తున్నం," అన్నాడు వచ్చీరాని ఉర్దూలో.

"మీ ఇంటి పాటే అయితే నేర్చుకోవడానికి కోదాడ ఎందుకు పోయావు?"

నిజానికి మంచి ప్రశ్నే.

"నీ పాటే కదా. నువ్వు పాడు," అన్నాడు జవాను.

నేను నోరు తెరవబోతే నాయన నా చెయ్యి నొక్కాడు. పిల్లను వీళ్ల కళ్లల్లో పడనివ్వకూడదని ఆయన ఆలోచన. బండి దిగి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

వేపచెట్టు కింద మంచం మీద ముఖాన తువాలు కప్పుకుని పడుకున్న హవల్దారు దిగ్గున లేచాడు. "ఎవణ్ణి కొడుతున్నార్రా?" అని అరిచాడు.

"ఎవరినీ కొట్టడం లేదు సాబ్. పాడుతున్నాడు."

హవల్దారు దగ్గరకు వచ్చి ఒక చరణం విన్నాడు. ముఖం చిట్లించాడు. "ఈ గొంతువాడు పాట నేర్చుకోవడానికి కోదాడ పోయి వచ్చాడా? పచ్చి అబద్ధం. బస్తాలు దింపి చూడండి."

జవాను మొదటి బస్తా మూతి విప్పి తల లోపల పెట్టాడు. తుమ్ముకుంటూ బయటికి వచ్చినవాడు కన్ను తెరవలేకపోయాడు. ఇక లాభం లేదనుకుని నేను బస్తాల మీద లేచి నిలబడి పాడేశాను. మొదటి చరణం నుంచి చుట్ట దాకా.

సినిమాల్లో అయితే హవల్దారు కళ్లు తుడుచుకునేవాడు. ఈయన అలాంటిదేమీ చెయ్యలేదు. నేను ఆపేదాకా తువాలు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఒక్క ఆవులింత తీసి, "ఇది పాట. పోనివ్వండి," అన్నాడు. నాయన వైపు వేలు చూపించి, "ఈయన పాడకూడదు," అని ఆర్డరు వేసి పోయి పడుకున్నాడు.

బండి కదిలింది. గేమ్యా నవ్వు ఆపుకోలేక నడుస్తున్న ఎద్దునే ఊరికే అదిలించాడు. "లాజరన్నా! డప్పు బంద్ జేసిండ్రు, ఇప్పుడు గొంతు గూడ బంద్ జేసిండ్రు గదనే!"

నాయన నవ్వలేదు. పేట ఇళ్లు కనిపిస్తుండగా, "బిడ్డా, రెండో చరణం మల్లొకపారి పాడు," అన్నాడు.

"నేర్చుకుంటవా నాయనా?"

"లేదు. వింట."

క్రిస్మస్ దాకా ఆయన నా దగ్గర నేర్చుకోవడానికి రాలేదు. నేనూ అడగలేదు. వెనకింట్లో మాత్రం హార్మోనియం మోగుతూనే ఉంది. మిర్యాలగూడ నుంచి నెత్తిన మోసుకు రావడంలో దాని మెట్టు ఒకటి ఇరుక్కుపోయిందట. తిత్తి ఊదినంతసేపూ ఆ ఒక్క స్వరం ఆగకుండా గుయ్యిమనేది. "పురుగు గరిచిన దూడ లెక్కున్నది," అనేది అమ్మ.

ఆ ఏడాది మా వాడలో క్రిస్మస్ రాత్రి పాటలు పట్టపగలు పాడారు. పొద్దుగూకితే బయటికి రాకూడదు కదా. దేవసహాయం గారు తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో వెలిగించిన లాంతరు పట్టుకుని ముందు నడిచాడు.

"పగటిపూట లాంతరెందుకు సారూ?" అని ఎవరో అన్నారు.

"పాటలకు పోయేటప్పుడు లాంతరుండాలని కట్టుబాటు. పగలని కట్టుబాటు మారుస్తమా?"

అందరి చేతుల్లో లాంతర్లు, కాగితం నక్షత్రంలో దీపం. ఆ ఎండకు అవి వెలుగుతున్నాయో ఆరిపోయాయో తెలియక పిల్లలు గాజు మీద చెయ్యి పెట్టి చూసి చురుక్కుమని అరిచేవారు. డప్పు కొడతారేమోనని క్యాంపు నుంచి ఒక జవానును వెంట పంపారు. అతను మొదటి రెండిళ్లూ తుపాకీ పట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు. మూడో ఇంటికల్లా తుపాకీ వీపుకు తగిలించుకుని రెండు చేతులా గారెలు పట్టుకున్నాడు.

యేసయ్య గడపలో కైసరు జనాభా లెక్కలు అయ్యాయి. జవాను కునికాడు. తర్వాత మా గడప.

యేసయ్య హార్మోనియం మెడకు తగిలించుకునే వచ్చాడు. అది అప్పటికే గుయ్యిమంటున్నది.

నాయన గడప దాకా నడిచాడు. అక్కడ ఆగి, పక్కకు జరిగి, నన్ను ముందు నిలబెట్టాడు. తాను పల్లవి అందుకునేవాడిలా నా వెనక, తలుపు పక్కన నిలబడ్డాడు.

"గిదేంది లాజరూ?" అన్నాడు యేసయ్య. "ఆడపిల్లను నిలబెట్టినవ్?"

దేవసహాయం గారు లాంతరు ఎత్తి నా ముఖం చూశాడు, ఎండలో కనిపించనట్టు. "ఇంటి మనిషి పాడాలని కట్టుబాటు. మగమనిషి అని ఎవరూ అనలే. లాజరూ, ఇంటి మనిషేనా?"

"ఇంటి మనిషే సారూ," అన్నాడు నాయన.

నేను ఎత్తుకున్నాను. జనం పల్లవి అందుకున్నారు. గొంగడి అయింది. గట్క అయింది. గడ్డి అయింది. చుట్ట దగ్గర దేవసహాయం గారు ఎప్పటిలాగే దగ్గాడు. ఇక ఏడు చరణం.

రాత్రంతా కట్టుకున్న చరణం నాకు ఒకటి ఉంది. తాత పోయాడు, గొంగడి మిగిలింది అని వచ్చేది. అమ్మకు నచ్చింది. గడపలో నిలబడి, ఇంతమంది ముఖాలు చూశాక అందులో మొదటి మాట కూడా గుర్తు రాలేదు. హార్మోనియం గుయ్యిమంటూనే ఉంది. యేసయ్య ఒక అడుగు ముందుకు వేసి తిత్తి మీద చెయ్యి పెట్టాడు.

అప్పుడు నా వెనక తలుపు చెక్క మీద టక్కున చప్పుడైంది. మళ్లీ టక్కు, టకటక్కు. నాయన వేలి కణుపులతో కొడుతున్నాడు. జవాను గారె నములుతూ చూశాడు. తలుపు డప్పు కాదు కాబట్టి ఏమనాలో అతనికి తోచలేదు. ఆ దెబ్బ వినగానే నా నోట్లోకి మాటలు వచ్చాయి. నేను కట్టుకున్నవి మాత్రం కావు.

తాత మట్టిల పండె, డప్పు క్యాంపుల పండె
నాయన పాడితే మిలిటరీ బెదిరె
అక్క ముందర కూసోని అక్కతో మాట్లాడలే
వచ్చే ఏడు మాట్లాడతడు చంటి పాపా

మిలిటరీ అన్నచోటే గేమ్యా పకపకా నవ్వాడు. దాంతో వాడంతా విరగబడి నవ్వింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకో తెలియకపోయినా జవాను కూడా నవ్వాడు. తలుపు మీద దెబ్బ మాత్రం ఆగిపోయింది.

నేను వెనక్కి తిరిగి చూసే ధైర్యం చెయ్యలేదు. ఏడు చరణానికి కోపం తెచ్చుకోకూడదు, నిజమే. వచ్చే ఏడు చేస్తామన్నది చేసి తీరాలి, అది అంతకన్నా నిజం. మా నాయనను నేను ఊరందరి ముందు కట్టేశాను.

"నిండుగ వచ్చింది," అన్నాడు దేవసహాయం గారు. "లాజరు గడప పాట లాజరు గడపకే."

యేసయ్య హార్మోనియం మూసేశాడు. అది ఇంకా కాసేపు మూలిగి ఊరుకుంది. ఆయన నా ముందుకు వచ్చి, "పిల్లా, గొంగడి అన్నకాడ జర ఎక్కువ గుంజినవ్," అన్నాడు. తర్వాత ఆయనే, "మీ తాత గూడ గట్లనే గుంజేటోడు," అని రెండు గారెలు తీసుకుని పోయాడు.

కొత్త సంవత్సరం రోజు నాయన నన్ను తెల్లవారకముందే లేపాడు. "దుప్పటి కప్పుకో. గేమ్యా బండి గట్టిండు. కోదాడకు పోదాం."

అత్త ఇంటికి చేరేసరికి మరునాటి పొద్దెక్కింది. ఆమె పొయ్యి ముందు కూర్చుని గారెలు వేస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. మిరపకాయల బండ్లవాళ్లు మాకన్నా ముందే కబురు చేర్చినట్టున్నారు.

"రావే దీనా. మీ నాయనను కూర్చోమను."

నాయన మంచం మీద కూర్చోలేదు. పొయ్యికి ఇటువైపు నేల మీద కూర్చున్నాడు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పాట నిలబడిందటగా," అంది అత్త నూనెలో గారె జారవిడుస్తూ. "యేసయ్య చేతికి పోలేదటగా. మంచిది. మీ నాయనను ఒక్కటి అడుగు. రేపు నీకు పెండ్లవుతుంది. ఏ ఊరో పోతావు. అప్పుడు ఆ పాట ఎక్కడుంటుందట?"

నేను నాయన వైపు తిరిగాను. ఆయన చూరు వంక చూడటం లేదు.

"అక్కా," అన్నాడు. "బిడ్డ ఏడుంటే పాట ఆడుంటది. నీ పాట నీకాడ ఉన్నట్టు."

అత్త చేతిలో చిల్లుల గరిటె నూనె మీద ఆగిపోయింది. గారె ఎర్రబడింది. తర్వాత నల్లబడింది. పొగ లేచింది. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది, పొగకే అన్నట్టు. గారె తీసి ఆకులో వేసి, పొయ్యి పక్కనుంచి అవతలికి జరిపింది.

"నీ మూలంగానే మాడింది. నువ్వే తిను," అంది.

నాతో కాదు.